కొంగల జట్టుకో సిఫారసు

క్లెమెంటి,
2025 నవంబరు 8

అత్తమ్మకు,

ఫోన్ చేయకుండా ఉత్తరమేంటని అనుకుంటావు. నీకు ఫోన్ చేస్తే శ్యాంసుందర్ మామయ్య వెంటనే స్పీకర్ పెడతాడు. స్పీకర్ పెట్టగానే పక్కింటి కొండమ్మగారు వచ్చి నా పెళ్లి సంగతి ఎత్తుతుంది. వాట్సాప్‌లో రాస్తే సాయంత్రానికి మన ఫ్యామిలీ గ్రూపులో తేలుతుంది. అందుకే కాగితం కొన్నాను.

మా సీజన్ అయిపోయింది. ఆరు జట్ల బేస్‌బాల్ లీగులో ఈసారీ ఆరోవాళ్లమే. ఇక్కడ సింగపూర్ ఫుడ్ కోర్టుల్లో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ కుర్చీ మనదే, ఎవరూ కూర్చోరు. దాన్ని చోప్ చేయడం అంటారు. మా హెరాన్స్ జట్టు ఆరో స్థానాన్ని అలా చోప్ చేసి పెట్టుకుంది. హెరాన్ అంటే కొంగ. జట్టుకు కొంగ పేరు పెట్టినవాడెవడో గానీ, ఒంటికాలి మీద నిలబడి చూస్తూ ఉండిపోవడం మాత్రం మావాళ్లకు బాగా అబ్బింది.

ఆటలే లేని నెలల్లో నీకేం పని అని నాన్న అడిగాడు. అసలు పని ఇప్పుడే. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి, ఎవరిని తేవాలి. నువ్వు ఏటా జిల్లా సాఫ్ట్‌బాల్ సెలెక్షన్లకు బడిలో చేసేదే, ఇక్కడ ఏసీ గదిలో చేస్తాం. నిరుడు వీడియో చూసి ఒక బ్యాటర్‌ని తెచ్చుకున్నాం. వచ్చాక తెలిసింది, వీడియోలో అంత బాగా కొట్టింది అతని తమ్ముడట. అప్పట్నుంచి మా మేనేజర్ కో మేడం ఎవర్నీ నమ్మదు, అంకెల్ని తప్ప. అంకెలు చూసేది నేను. అందుకని పంపించాల్సిన ఆరుగురి జాబితా రాసి ఇచ్చాను. నాలుగో పేరు ఒగాటాది.

ఒగాటా మా క్యాచర్. జపాన్ మనిషి, ముప్పై ఆరేళ్లు, జట్టు పుట్టినప్పటినుంచీ ఉన్నాడు. నీకు చెప్పనక్కర్లేదు, రన్నర్ రెండో బేస్‌కి పరుగెత్తితే బ్యాటర్ వెనక గొంతుక్కూర్చున్న క్యాచర్ లేచి విసిరిన బంతి అతనికంటే ముందు చేరాలి. ఒగాటా బంతి ఈ ఏడాది అంతా రన్నర్ వెనకాలే చేరింది. మోకాళ్లు. రన్నర్‌ని సాగనంపడానికి పంపుతున్నట్టుంటుంది. ఇంకా అతనికి ఏమీ తెలియదు. జనవరి ఆఖర్లో ప్రకటిస్తారు.

నేను ఇంకా మానేయలేదని నాన్నకు చెప్పు. ఇన్సూరెన్సు, తర్వాత బ్యాంకు, రెండూ ఆర్నెల్లలో వదిలేసిన నాకు ఇది పదకొండో నెల.

ఏసీకి వణుకుతూ,
నిక్కీ


ఆర్మూరు,
2025 నవంబరు 21

మా చంచలానికి,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో అందరి ముందూ ఇచ్చాడు పోస్ట్‌మన్. సింగపూర్ స్టాంపు చూసి లెక్కల టీచరు తన కొడుక్కని అడిగి పట్టుకుపోయాడు. ఇంట్లో చదువుకుంటుంటే మీ మామయ్య వచ్చి, "ఏందే, గంత మురిసిపోయి సదువుతున్నవ్?" అన్నాడు. జీపీఎఫ్ కాగితాలని చెప్పాను. మళ్లీ ఆ వైపు రాలేదు.

మా జట్టు సంగతి చెబుతా. పదహారు మంది ఆడపిల్లలకు గ్లౌజులు తొమ్మిదే. మొన్న బాల్కొండ బడి వాళ్లతో ఆడితే వాళ్లవి ఏడు. రెండూ కలిపి కుప్ప పోసి, ఎవరు ఫీల్డింగ్ చేస్తే వాళ్లు వేసుకున్నారు. ఆట మధ్యలో ఒక పిల్ల, "మేడం, ఇది వాళ్ల చెమట, నేనేసుకోను" అని కూర్చుంది. ఓడిపోయాం.

ఇక నీ క్యాచర్ విషయం. చదివాక మనసు పాడైంది. మీ పెద్ద మేడం పేర్లు చెప్పడం, చిన్నపిల్లవని నీ చేత టైపు కొట్టించడం. రేపు అతను అడిగితే చూపించేది నీ కాగితాన్నే. ఆమెగారి చెయ్యి ఎక్కడా ఉండదు. మా డీఈఓ ఆఫీసులోనూ ఇదే పద్ధతి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నువ్వు అమాయకంగా ఇరుక్కోకు.

క్యాచర్‌కి మోకాళ్లు పోతాయి, నిజమే. అయినా అంతకాలం కూర్చున్న మనిషిని లేవగొట్టడానికి ఒక పద్ధతుండాలి. అతనికి పిల్లలున్నారా? అది రాయలేదు నువ్వు.

గరిజెలు చేయించి పంపుతాను. పగలు మీ ఇంట్లో ఎవరూ ఉండరు కదా, ఆఫీసు చిరునామా పంపు. మీ పెద్ద మేడం పూర్తి పేరు కూడా రాయి. ఊరికే, తెలిసి ఉంటే మంచిది.

గొంతు పోయి, విజిల్‌తోనే ఇంట్లో పనులు చెబుతున్న,
అత్తమ్మ


క్లెమెంటి,
2025 డిసెంబరు 4

విజిల్ అత్తమ్మకు,

గరిజెలనగానే ఇక్కడ ప్రాణం లేచొచ్చింది. నా రూమ్‌మేట్ కీర్తిక కూడా ఎదురుచూస్తోంది. దోమల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూడా టిష్యూ ప్యాకెట్ పెట్టి స్నానానికి వెళ్తుంది. ఉండేది మేమిద్దరమే. ఆఫీసు చిరునామా వెనక పేజీలో రాశాను, ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఉంది. కింద బిస్కెట్ల ఫ్యాక్టరీ, పైన మేము. మధ్యాహ్నం రెండింటికి ఫ్లోరంతా వెన్న వాసన, జట్టులో బరువు పెరగనిది నేనొక్కదాన్నే. మేడం పూర్తి పేరు కో సియూ లింగ్.

నువ్వు రాసినదాంట్లో ఒక సవరణ ఉంది. చివర రాస్తాను.

పిల్లలున్నారా అని అడిగావు కదా. అడిగిన వారానికే ఒగాటా ఆఫీసు వాళ్లందరినీ భోజనానికి పిలిచాడు. ప్రతి డిసెంబరులోనూ పిలుస్తాడట. పుంగ్గోల్‌లో నీళ్ల పక్కన ఫ్లాట్. నేను వెళ్లకూడదనే అనుకున్నాను, కానీ జ్వరమని చెబితే సూప్ పట్టుకుని ఇంటికొచ్చే రకం అతను. వెళ్లాను. అతనే వండాడు. భార్య నవ్వుతూ అందరికీ వడ్డించింది. ఒక్కతే కూతురు, ఎమి. వచ్చే ఏడాది ఆరో తరగతి. ఇక్కడ ఆరో తరగతి పరీక్షంటే మన ఇంటర్, ఎంసెట్ కలిపినంత గోల. తర్వాత ఏ బడిలో సీటొస్తుందో దాని మీదే. ఆ పిల్ల నన్ను చూడగానే, "ఆంటీ, మీరు మ్యాథ్స్ కదా, ఈ సమ్ చేసివ్వండి లా" అని, ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే ఆ లాతో సహా, పుస్తకం నా ఒళ్లో పెట్టింది. నాకు రాలేదు. యూనివర్సిటీ గోల్డ్ మెడల్ అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు.

తిన్నాక ఒగాటా బాల్కనీలో నిలబడి, "వచ్చే అక్టోబరులో ఈమె పరీక్ష అయ్యేదాకా నా మోకాళ్లు ఉంటే చాలు. ఆ తర్వాత ఎవరు రమ్మన్నా వెళ్లిపోతా" అన్నాడు. తమాషాకే అన్నాడు. ఉద్యోగం పోతే అతను ఈ దేశంలో ఉండడానికిచ్చిన పాసు పోతుంది అత్తమ్మా. అతని వెంట ఉన్న ఇద్దరి పాసులూ పోతాయి. పరీక్షకి ముందే ముగ్గురూ దేశం వదలాలి. ఎమి ఇక్కడే పుట్టి పెరిగింది, జపనీస్ సరిగ్గా చదవనే రాదు.

నాకు చేపముక్క గొంతులో అడ్డుపడింది. అందరూ ముల్లనుకున్నారు.

కీర్తిక పోస్టాఫీసు మీదుగానే వెళ్తోంది, తలుపు దగ్గర నిలబడి "ఇంకా ఎంతసేపే" అంటోంది. కవరు అంటించాలి. మామయ్యకు జీపీఎఫ్ త్వరలోనే వస్తుందని చెప్పు.

గరిజెల మీద ఆశతో,
నిక్కీ


ఆర్మూరు,
2025 డిసెంబరు 16

నిక్కీ బిడ్డకు,

పార్సిల్ ఈ ఉదయమే కొరియర్‌లో వేశాను. వారంలో చేరుతుందన్నారు. ఉత్తరం మామూలు పోస్టులో వేస్తున్నాను గనుక పార్సిలే ముందు రావచ్చు. గరిజెలు రెండు డబ్బాలు, చక్కెరవి, కొబ్బరివి వేరు వేరు. అందులో ఇంకొకటి కూడా పెట్టాను. అది నీకు కాదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సవరణ ఏదో రాస్తానని రాయలేదు. నాకు అర్థమైందిలే. నువ్వు చిన్నప్పుడూ అంతే. కావలసింది నోరు తెరిచి అడగకుండా చుట్టూ తిరుగుతూ ఉండేదానివి. చేతికి గడియారం కావాలంటే వారం రోజులు "టైమెంత అత్తమ్మా" అని అడిగేదానివి. ఇప్పుడు ఉత్తరంలో సగం అతని గురించే రాస్తే నాకు తెలియదా? నువ్వు ఉద్యోగంలో చిన్నదానివి, మేడంతో చెప్పలేవు. పెద్దవాళ్లెందుకున్నాం?

మా హెడ్మాస్టరు పరంధామయ్యగారు మంచి మనిషి. "ఏంది మేడం, సింగపూర్‌కు గూడ మన ముద్రనేనా?" అన్నాడు గానీ సంతకం పెట్టాడు. మనవాళ్లలో ఒక మాట చెప్పేవాళ్లుంటే పని అవుతుంది. అక్కడ మాత్రం మనుషులు కారా?

నువ్వేమీ తెలియనట్టుండు.

ఇంకా సెలెక్షన్ జాబితా వేయని,
అత్తమ్మ


క్లెమెంటి,
2025 డిసెంబరు 18

అత్తమ్మకు,

నీ పార్సిల్ ఇంకా రాలేదు, ఉత్తరమూ రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. మొన్న రాస్తానన్న సవరణ ఇది.

మేడం పేర్లు చెప్పలేదు. ఆరుగురి పేర్లూ నేనే ఎంచాను. ఒగాటా పేరు నేనే రాశాను. మేడం అసలు నాలుగో పేరు దగ్గర ఆగి, "ష్యూర్ ఆ?" అని అడిగింది. ష్యూరే అన్నాను. అప్పటికి పుంగ్గోల్ వెళ్లలేదు, ఎమి తెలియదు, కానీ తెలిసినా అంకెలు మారవు. అది కదా తలనొప్పి. లెక్క మళ్లీ చేశాను. మూడు పద్ధతుల్లో చేశాను. రెండింట్లో అతను నాలుగోవాడే. ఒకదాంట్లో మూడు.

నువ్వు నన్ను అమాయకురాలని రాస్తే, ఒక పూట అలాగే ఉండనిద్దామనిపించింది. తప్పే.

ఈ మాట ఎవరితోనూ అనకు. బయటికి పొక్కితే నా ఉద్యోగం కూడా అదే జాబితాలోకి వెళ్తుంది.

నీ నుంచి తిట్లకు సిద్ధంగా,
నిక్కీ


క్లెమెంటి,
2025 డిసెంబరు 27

పూజ్యురాలైన వ్యాయామ ఉపాధ్యాయురాలికి,

పార్సిల్ వచ్చింది.

వచ్చిన రోజు ఆఫీసులో అందరూ ఉన్నారు. ఒగాటా కూడా, ప్యాడ్లు అప్పగించడానికి వచ్చాడు. ఇక్కడ ఇండియా నుంచి డబ్బా వస్తే అది ఒక్కరిది కాదు. ప్యాంట్రీలో బల్ల మీద పెట్టి, మేడమే కత్తెరతో టేపు కోసింది. పైనే కవరు. దాని మీద ఆమె పేరు, గుండ్రటి ముద్ర, కింద అశోక స్తంభం. "ఇండియా ప్రభుత్వం నాకు రాసిందే!" అంటూ మేడం ఒక చేత్తో కొబ్బరి గరిజె పట్టుకుని, ఇంకో చేత్తో ఉత్తరం పట్టుకుని, అందరికీ వినబడేలా చదివింది.

అత్తమ్మా, నీ ఇంగ్లీషు నాకు తెలుసు. దాని వెనక నుంచి తెలుగు వినబడుతూనే ఉంది. "గౌరవనీయులైన మేడంగారికి నమస్కరించి వ్రాయునది." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నువ్వేదో పండగ శుభాకాంక్షలు రాశావనుకున్నాను. "తమ జట్టునందలి ఒగాటా అను క్రీడాకారుడు సత్ప్రవర్తన గలవాడనియు, గౌరవప్రదమైన కుటుంబీకుడనియు" దగ్గరికి వచ్చేసరికి మేడం గొంతు తగ్గింది. ఆగుతుందనుకున్నాను. అలవాటులో ఇంకో వాక్యం చదివేసింది. "కావున అతని పేరును తొలగింపు జాబితా నుండి తీసివేయవలసినదిగా ప్రార్థన." ఆ తర్వాతది మనసులో చదువుకుంది. చదివి నా వైపు చూసింది.

ఆ తర్వాతి వాక్యం తర్వాత గదిలో చూపించిందిలే. "సదరు జాబితాను టైపు చేసిన మా మేనకోడలు నిఖిలకు ఇందులో ఎట్టి పాత్రయు లేదని ధృవీకరించడమైనది." కింద పరంధామయ్యగారి సంతకం, తేదీతో సహా.

మేడం ఇంకా ప్యాంట్రీలో నా వైపు చూస్తుండగానే ఒగాటా అడిగాడు, "జాబితా ఉందా?" మేడం నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "ఉంది. నేనే రాశాను."

అతను తల ఊపాడు, అంపైర్ నిర్ణయం విన్నట్టు. డబ్బాలోంచి రెండు గరిజెలు తీసుకుని, టిష్యూలో చుట్టి, "ఎమికి" అని చెప్పి వెళ్లిపోయాడు. లిఫ్ట్ వచ్చేదాకా కారిడార్‌లో నిలబడే ఉన్నాడు. నాకు తలుపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. వెళ్లి పలకరించలేకపోయాను.

మేడం తలుపు వేసి, "మీ ఆంటీకి చాలా ఖాళీ ఉంది లా" అంది. తర్వాత తిట్టింది. జట్టు విషయాలు బయటికి రాసినందుకు హెచ్చరిక ఇచ్చింది, కాగితం మీదే. ఇంకోసారి జరిగితే ఉండనని అర్థం. బయటికి వస్తుంటే, కొబ్బరివి ఇంకా ఉన్నాయా అని అడిగింది.

నీ మీద కోపం ఉంది. ఎంతనేది ఇంకా తేల్చుకోలేదు.

నిఖిల


ఆర్మూరు,
2026 జనవరి 7

నిఖిలకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదట రెండోది విప్పాను. తర్వాత మొదటిది. తర్వాత కాసేపు మంచం మీద పడుకున్నాను. మీ మామయ్య, "జీపీఎఫ్ రాలేదా?" అన్నాడు.

నీకు ఎట్టి పాత్రా లేదని రాశాను. ఒక ప్రధానోపాధ్యాయుడి చేత సంతకం పెట్టించాను. ఆయన రోజూ ప్రార్థన దగ్గర, "మేడం, సింగపూర్ నుంచి ఏమన్న జవాబొచ్చిందా?" అంటున్నాడు. ఏం చెప్పను? సింగపూర్‌ను పట్టి కుదిపేశామని చెప్పనా?

నేను చేసింది పొరపాటే. నా ఊరి తాళంచెవి పట్టుకుపోయి నీ ఊరి తలుపులో తిప్పాను. దానికి ఎంత కోపం పడతావో పడు, అది న్యాయం.

కానీ ఒక సంగతి చెప్పు. నేను నా మేనకోడలు టైపిస్టని అనుకున్నాను. ఆరుగురి బతుకులు తేల్చే కుర్చీలో కూర్చుందని అనుకోలేదు. మురిసిపోవాలా, భయపడాలా? రెండూ చేస్తున్నాను. మీ నాన్నకు మాత్రం టైపిస్టనే చెప్పి ఉంచుతాను.

అతను లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే నువ్వు తలుపు వెనక ఉన్నావని రాశావు. అది మాత్రం నాకు నచ్చలేదు. వెళ్లి అతనితో మాట్లాడు. సారీ చెప్పడానికి కాదు. నీ లెక్క తప్పు కాకపోతే సారీ దేనికి? లెక్క చూపించు. అన్నేళ్లు ఆడినవాడికి ఎందుకు తీశారో తెలుసుకునే హక్కుంది. చూపించాక ఏమవుతుందో నాకు తెలియదు. ఆ ఊరు నీది.

మేడంగారికి కొబ్బరివి మళ్లీ పంపనా? ఉత్తరం పెట్టనులే.

నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకుంటున్న,
అత్తమ్మ


క్లెమెంటి,
2026 ఫిబ్రవరి 8

అత్తమ్మకు,

ఇప్పుడు రాయొచ్చు, అన్నీ పేపర్లో వచ్చేశాయి. ఆరుగురినీ పంపించేశాం. తైవాన్ నుంచి ఎడమచేతి పిచ్చర్ వచ్చాడు, మహా సిగ్గరి, బంతి కూడా క్షమించమన్నట్టు వేస్తాడు. కొత్త క్యాచర్‌కి ఇరవై మూడేళ్లు. ఒగాటా పేరు ఆటగాళ్ల పట్టీలో లేదు.

నీ ఉత్తరం రాకముందే అతను వచ్చాడు. జనవరి మొదటి సోమవారం, నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "చూపించు" అన్నాడు. చూపించాను. అతను విసిరిన ప్రతి బంతీ. మధ్యలో లేచి పోతాడనుకున్నాను. పోలేదు. ఒకచోట ఆపమని, "ఇది నా తప్పు కాదు, పిచ్చర్ ఆలస్యం చేశాడు" అన్నాడు. చూస్తే నిజమే. ఇంకో రెండుచోట్ల అన్నాడు, అక్కడ నిజం కాదు. కాదన్నాను. అవన్నీ సరిచేసి లెక్క మళ్లీ వేశాను. నాలుగోవాడు ఐదోవాడయ్యాడు. ఐదో పేరు కూడా జాబితాలోదే కదా. 

అప్పుడు నాకు తట్టింది. ఏడాదిగా నేను మేడంని ఒకటే అడుగుతున్నాను, వీడియోలు చూసి ప్రతి బంతికీ గుర్తు వేసే మనిషి కావాలని. ఇప్పటిదాకా ఆ పని శనివారాలు, ఆదివారాలు నేనే చేస్తున్నాను. విదేశీయులకు ఇచ్చే పాసులు మా ఆఫీసుకి లెక్క ప్రకారమే ఉంటాయి. ఎంతో బతిమాలితే డిసెంబరులో ఒకటి నా సహాయకుడికని పక్కన పెట్టారు. ఒక కుర్రాణ్ణి ఇంటర్వ్యూ కూడా చేశాను. చాలా చురుకైనవాడు. వాడు వచ్చి ఉంటే ఈపాటికి నాకు ఆదివారాలుండేవి.

మేడం దగ్గరికి వెళ్లి, ఆ పాసు ఒగాటాకి ఇవ్వమన్నాను. పొద్దున ప్రాక్టీసులో పిచ్చర్ల బంతులు పట్టుకుంటాడు, మధ్యాహ్నం నా దగ్గర కూర్చుంటాడు. మేడం పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"అతనికి కంప్యూటర్ వచ్చా?"

"రాదు. నేర్పిస్తాను."

"ఏడాది నా ప్రాణం తీశావు ఆ పోస్టు కోసం. జూన్‌లో ఆటల మధ్యలో ఏడ్చుకుంటూ రాకు, ఆ?"

"రాను."

"ఇది మీ ఆంటీ ఐడియానా?"

కాదన్నాను. మొదటిసారి నువ్వు లేకుండా చేసిన పని అత్తమ్మా, అది కూడా నీ ఉత్తరం అందడానికి రెండు వారాల ముందు.

ఒగాటా వెంటనే ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు? పేరు వెనక నంబరుండదు, జెర్సీ ఉండదు, మ్యాచ్ రోజు డగౌట్‌లో చోటుండదు. "నన్ను తీసినవాళ్ల దగ్గరే గుమస్తాగానా?" అని నా మొహం మీదే అడిగాడు. అవునన్నాను, మాట తిప్పలేదు. నాలుగు రోజులు ఏమీ చెప్పలేదు. ఐదో రోజు చొక్కా ఇన్‌షర్ట్ చేసుకుని వచ్చాడు. "అక్టోబరు దాకా" అన్నాడు. అంతే.

ఇప్పుడు ఆదివారాలు కూడా వస్తున్నాను, కానీ ఒంటరిగా కాదు. నరకమే. నేను ఒక్కో బంతికి మూడు సెకన్లు తీసుకునేదాన్ని, అతనితో పది నిమిషాలు పడుతుంది. ప్రతి గుర్తుకీ వాదన. "ఇది మంచి బంతి కాదు, బ్యాటర్ నిద్రపోతున్నాడు, అంతే" అంటాడు. ఒక్క వేలితో టైపు చేస్తాడు. మధ్యలో ఎమి ఫోన్ చేసి లెక్క అడుగుతుంది, ఇద్దరం కలిసి చేసి తప్పు చెబుతాం.

మొన్నటిదాకా అతని ఆటల వీడియోలు నేను వేరే పెట్టాను, అవి నేను చేద్దామని. నిన్న నేను కాఫీ తెచ్చేసరికి వాటినే తెరిచి కూర్చున్నాడు. ఏడో ఇన్నింగ్స్, రన్నర్ పరుగెత్తాడు, తెర మీద ఒగాటా లేచి విసిరాడు. కుర్చీలో ఒగాటా ముందుకు వంగాడు. అది పిచ్చర్ తప్పని అనొచ్చు, అలా అన్నా నేను ఆ ఒక్కసారికి వాదించి ఉండేదాన్ని కాదు. వెనక్కి తిప్పి రెండోసారి చూశాడు. తర్వాత ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, "లేట్" అని కొట్టి, నా వైపు చూడకుండానే తర్వాతి బంతి తెరిచాడు.

నిక్కీ